సేనాపతియే రక్షణమంత్రి అయిన నాడు

(కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రక్షణమంత్రిగా సేనాపతి ఉంటే మేలు కదా అన్న ప్రశ్నను మన యువకులు తరచుగా వేస్తుంటారు. వైద్యశాఖకు వైద్యుడు మంత్రి అయితే మనం సంతోషిస్తాము. న్యాయశాఖకు న్యాయవాది మంత్రి కావడం వాడుకే. అటువంటప్పుడు యుద్ధవిద్యలో జీవితం గడిపిన జనరల్‌ను పక్కనపెట్టి, తుపాకి పట్టి ఎరుగని రాజకీయవేత్తకు రక్షణశాఖను అప్పగించడం ఎందుకు? ఇది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. రాజనీతి గ్రంథాల నుంచి దీనికి సమాధానాలు ఏరి చెప్పవచ్చును. అంతకంటె, మనతోపాటు ఒకే ఆగస్టులో స్వాతంత్ర్యం పొందిన పొరుగుదేశంలో ఈ పని నిజంగా జరిగినప్పుడు ఏమైనదో చూడడం ఎక్కువ ఉపయోగకరమని నా అభిప్రాయం. 1954 అక్టోబరులో పాకిస్తాన్ సైన్యాధిపతి జనరల్ మహమ్మద్ అయూబ్ ఖాన్ ఆ దేశ రక్షణమంత్రి అయ్యారు. సైన్యాధిపత్యాన్ని వదలకుండానే అయ్యారు. నేను ఈనాడు ప్రధానంగా చెప్పదలచినది ఆ చివరి మాటను గురించియే.

ఈ ఏర్పాటు ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. బ్రిటిష్ పాలనలో మన గడ్డపై దీర్ఘకాలం నడిచిన పద్ధతికి అది దగ్గరి చుట్టమే. 1902లో లార్డ్ కిచెనర్ సైన్యాధిపతిగా వచ్చేనాటికి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సైన్యాధిపతితోపాటు మిలిటరీ మెంబరు అనే మరొక సభ్యుడు ఉండేవాడు. ఆయన కూడా సైనికాధికారియే. కాని హోదాలో చిన్నవాడు. సైన్యాధిపతి పంపిన ప్రతిపాదనలను పరిశీలించి వైస్రాయికి సలహా చెప్పడం ఆయన పని. తనకంటె చిన్నవాడు తన కాగితాలపై వ్యాఖ్య వ్రాయడం కిచెనర్‌కు సహించరానిదైనది. ఒకరు అడిగినదానిని మరొకరు పరిశీలించి తీరవలెనని వైస్రాయి కర్జన్ వాదించారు. లండన్ ప్రభుత్వం కిచెనర్ వైపే మొగ్గినది. 1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా ఇచ్చారు. వంగ విభజన చేసిన కర్జన్‌పై మనకు సానుభూతి ఉండనక్కరలేదు. అయినా ఈ ఒక్క వివాదంలో న్యాయం ఆయన పక్షాన ఉన్నదనక తప్పదు. తరువాత ఆ మిలిటరీ మెంబరు పదవి క్రమంగా అంతరించినది. సేనను నడిపేవాడూ, ప్రభుత్వంలో సేన తరఫున మాట్లాడేవాడూ, సేన కోరికలను తూచేవాడూ ఒక్కడే అయినాడు. హోదాలో వైస్రాయి తరువాత ఆయనే.

1946 సెప్టెంబరు 2న తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడి, సర్దార్ బలదేవ్ సింగ్ రక్షణ సభ్యుడుగా బాధ్యతలు స్వీకరించడంతో ఈ పద్ధతి ముగిసినది. స్వాతంత్ర్యానంతరం సైన్యాధిపతికి మంత్రిమండలిలో చోటు లేకపోయినది. ఢిల్లీలో ఆయన నివసించిన విశాల భవనంలోకి 1948లో ప్రధాని నెహ్రూ మారారు. అదే తీన్‌మూర్తి భవన్. 1955లో కమాండర్-ఇన్-చీఫ్ అనే బిరుదు సైతం పోయి, త్రివిధ దళాల అధిపతులు స్టాఫ్ చీఫ్‌లు అయ్యారు. ఇల్లు మారడం, బిరుదు మారడం పైకి చిన్న విషయాలుగా తోస్తాయి. ఆనాటి సైనికాధికారులకు మాత్రం వాటి అర్థం బాగానే తెలిసినది.

ఇక అయూబ్ ఖాన్ విషయానికి వద్దాము. ఆయన 1907 మే 14న హజారా ప్రాంతంలో, హరిపూర్ సమీపాన రెహానా గ్రామంలో జన్మించారు. తండ్రి మీర్ దాద్ ఖాన్ హాడ్సన్స్ హార్స్ అనే అశ్వికదళంలో రిసాల్దార్ మేజరు. అయూబ్ అలీగఢ్‌లో చదువుతూ ఉండగా సాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయానికి ఎంపికై, 1928 ఫిబ్రవరిలో అధికారిగా నియమితులయ్యారు. అదే బృందంలో అధికారిగా వెలువడిన మరొక యువకుడు జయంతనాథ్ చౌదురి. ఈయన బెంగాలీ, కాంగ్రెసు తొలి అధ్యక్షుడు ఉమేశ్‌చంద్ర బెనర్జీకి దౌహిత్రుడు. ఒకే పాఠశాల, ఒకే శిక్షణ, ఒకే సైన్యం. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగమూ ఇద్దరూ ఎరిగినదే. దేశవిభజన వారిని రెండు సైన్యాలలోకి పంపినది.

చౌదురి పేరు తెలుగువారికి, ముఖ్యంగా తెలంగాణలోని పెద్దలకు, కొత్తది కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై పోలీసుచర్య జరిగినప్పుడు షోలాపూర్ వైపు నుంచి నడచిన సేనకు ఆయన నాయకుడు. సెప్టెంబరు 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ ఆయనకే లొంగిపోయారు. ఆ తరువాత చౌదురి హైదరాబాదు సంస్థానానికి మిలిటరీ గవర్నరు అయ్యారు. అనగా ఒక మేజర్ జనరల్ చేతిలో కోటిన్నరకు పైబడిన జనం గల రాజ్యం యావత్తూ పెట్టబడినది. ఆ పాలన మచ్చలేనిదని నేను చెప్పను. పోలీసుచర్య అనంతరం కొన్ని జిల్లాలలో ముస్లిములపై జరిగిన దారుణాలు, తెలంగాణ గ్రామాలలో రైతాంగ పోరాటంపై సాగిన కఠినమైన అణచివేత చరిత్రలో ఉన్నవే. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దు జరిగినదీ ఆ పాలనలోనే. కాని మన ప్రసంగానికి ముఖ్యమైనది మరొకటి ఉన్నది. చౌదురి పైన సర్దార్ పటేల్ ఉన్నారు, సంస్థానాల మంత్రిత్వశాఖ ఉన్నది, ఢిల్లీలో శాసనసభ ఉన్నది. పని తాత్కాలికమని అప్పగించేనాడే అందరికీ తెలుసు. 1949 ముగిసేసరికి మిలిటరీ గవర్నరు పదవి రద్దయినది. సివిల్ సర్వీసుకు చెందిన ఎం. కె. వెల్లోడి పాలన స్వీకరించారు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. చౌదురి తన సైన్యంలోకి తాను వెళ్లిపోయారు.

వారితో కలిసి చదివిన అయూబ్ ఖాన్‌కు ఆ సమయంలో లభించినది తూర్పు పాకిస్తాన్. 1948 ఆరంభంలో ఆయన ఢాకాలో సేనకు అధిపతిగా వెళ్లారు. 1951 జనవరిలో బ్రిటిష్ అధికారి సర్ డగ్లస్ గ్రేసీ నుంచి సైన్యాధిపత్యం స్వీకరించి, ఆ పదవి పొందిన తొలి పాకిస్తానీ అయ్యారు. అదే ఏడాది అక్టోబరు 16న ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ రావల్పిండిలో హత్యకు గురి అయ్యారు. అప్పటినుంచి 1958 వరకు పాకిస్తాన్‌లో ఆరుగురు ప్రధానమంత్రులు మారారు. నజీముద్దీన్, మహమ్మద్ అలీ బోగ్రా, చౌధరీ మహమ్మద్ అలీ, సుహ్రావర్దీ, చుంద్రీగర్, ఫిరోజ్ ఖాన్ నూన్. ఆ ఏడేళ్లలో సైన్యాధిపతి మాత్రం ఒక్కరే.

రాజ్యాంగం లేని దేశం అది. మనం 1950 జనవరి 26న రాజ్యాంగాన్ని అమలులోకి తెచ్చుకున్నాము. వారి రాజ్యాంగ పరిషత్తు 1954లోనూ తర్జనభర్జనలలోనే ఉన్నది. ఆ సంవత్సరం మార్చిలో తూర్పు బెంగాల్ ఎన్నికలలో ముస్లిం లీగు ఘోరంగా ఓడిపోయి, యునైటెడ్ ఫ్రంట్ అఖండ విజయం సాధించినది. మే నెలాఖరుకే కేంద్రం ఆ మంత్రివర్గాన్ని తొలగించి, మేజర్ జనరల్ ఇస్కందర్ మీర్జాను గవర్నరుగా పంపినది. ఈ మీర్జా సాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది, తరువాత బ్రిటిష్ ప్రభుత్వపు పొలిటికల్ సర్వీసులో పనిచేసి, 1947 నుంచి పాకిస్తాన్ రక్షణశాఖ కార్యదర్శిగా ఉన్న వ్యక్తి. సెప్టెంబరులో రాజ్యాంగ పరిషత్తు ధైర్యం చేసి, మంత్రులను ఇష్టానుసారం తొలగించే గవర్నర్ జనరల్ అధికారానికి కళ్లెం వేసినది. గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ అక్టోబరు 24న పరిషత్తునే రద్దు చేశారు. ప్రధాని బోగ్రాను అదే పదవిలో ఉంచి, ఆయన చుట్టూ కొత్త మంత్రులను నియమించారు. ప్రతిభావంతుల మంత్రివర్గమని దానికి పేరు పెట్టారు. మీర్జాకు హోంశాఖ. అయూబ్ ఖాన్‌కు రక్షణశాఖ. అంతవరకు ఆ శాఖను ప్రధానులే తమ వద్ద ఉంచుకునేవారు.

అయూబ్ ఖాన్ 1967లో ప్రకటించిన ఆత్మకథలో, గవర్నర్ జనరల్ తనను దేశాధికారమే చేపట్టమని కోరారనీ, తాను నిరాకరించాననీ చెప్పుకున్నారు. అది నిజమే కావచ్చును. అయితే మంత్రి కావడానికి ఇరవై రోజుల ముందే, అక్టోబరు 4న, లండన్‌లోని ఒక హోటలు గదిలో కూర్చుండి ఆయన తన దేశ భవిష్యత్తును గురించి ఒక పత్రం వ్రాసిపెట్టుకున్నారు. పశ్చిమ ప్రాంతాలన్నింటినీ ఒకే రాష్ట్రంగా కలపాలని, ప్రజల స్వభావానికి తగినట్టు అదుపులో నడిచే ప్రజాస్వామ్యం కావాలని అందులోని ఆలోచన. సైన్యాధిపతికి రాజ్యాంగ రచన పని ఎవరు అప్పగించారని అడిగేవారు అప్పుడు లేరు.

మంత్రిగా ఆయన ఏమి చేశారన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఆ పది నెలలలో కార్యాలయపు పని ఎట్లా నడిచి ఉంటుందో ఊహించి చూడండి. మామూలుగా సైన్యం తన అవసరాలను చెబుతుంది. రక్షణ మంత్రిత్వశాఖ, ఇన్ని ట్యాంకులు ఎందుకని ప్రశ్నిస్తుంది. ఆర్థికశాఖ, డబ్బు ఎక్కడిదని అడుగుతుంది. మంత్రి వీటినన్నింటినీ తూచి మంత్రివర్గం ముందుంచి, శాసనసభలో సమాధానం చెబుతాడు. సైన్యాధిపతియే మంత్రి అయినప్పుడు కోరేవాడు ఆయనే, ఒప్పుకునేవాడు ఆయనే. శాసనసభ ఎలాగూ లేదు. మంత్రివర్గంలో సైన్యాన్ని గురించి నిర్మొగమాటంగా మాట్లాడదలచిన మంత్రికి ఎదురుగా సైన్యాధిపతియే కూర్చుని ఉంటాడు. కర్జన్ అవసరమన్న ఆ రెండవ పరిశీలన ఇక్కడ పూర్తిగా మాయమైనది. పైగా 1954 మే 19న అమెరికాతో సైనిక సహాయపు ఒప్పందం, సెప్టెంబరులో మనీలా ఒప్పందం కుదిరి ఉన్నాయి. ఆయుధాలు రాసాగినవి. ఆ సంప్రదింపులలో ప్రముఖ పాత్ర సైన్యాధిపతిదే. విదేశాంగ విధానంలో కొంతభాగం కూడా ఆ విధంగా సైన్య కార్యాలయానికి చేరినది.

రద్దయిన పరిషత్తుకు అధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్. తూర్పు బెంగాలుకు చెందినవారు. ఆయన న్యాయస్థానానికి వెళ్లారు. 1955 ఫిబ్రవరిలో సింధ్ చీఫ్ కోర్టు ఆయన వాదాన్ని అంగీకరించినది. మార్చిలో జస్టిస్ మునీర్ అధ్యక్షతన ఫెడరల్ కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. న్యాయమూర్తులలో జస్టిస్ కార్నీలియస్ ఒక్కరే భిన్నాభిప్రాయం వ్రాశారు. అక్టోబరులో పశ్చిమ రాష్ట్రాలను ఒక్కటిగా కలిపి వన్ యూనిట్ ఏర్పరచారు. లండన్ హోటలులో వ్రాసిన పత్రంలోని మొదటి భాగం ఆ విధంగా నెరవేరినది.

అంతకుముందే, 1955 ఆగస్టులో, మంత్రివర్గం మారి అయూబ్ ఖాన్ రక్షణశాఖ నుంచి తప్పుకున్నారు. సైన్యాధిపత్యం అట్లాగే ఉన్నది. 1958లో అది మరోమారు పొడిగించబడినది. ఆ సంవత్సరం అక్టోబరు 7న, అప్పటికి రాష్ట్రపతియై ఉన్న ఇస్కందర్ మీర్జా, రెండేళ్లు నిండిన రాజ్యాంగాన్ని రద్దుచేసి సైనికశాసనం విధించి, దానికి అయూబ్ ఖాన్‌ను అధిపతిగా నియమించారు. అక్టోబరు 27న అయూబ్ ఖాన్ మీర్జానే తొలగించి దేశం నుంచి పంపివేశారు. రక్షణశాఖను ఈసారి తామే చేపట్టి 1966 వరకు విడిచిపెట్టలేదు. మరుసటి ఏడాది ఫీల్డ్ మార్షల్ బిరుదు ధరించారు.

ఆయన పాలనలో మంచి పనులు లేవనడం అన్యాయం. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూతో కలిసి సింధు జలాల ఒప్పందంపై సంతకం చేసినది ఆయనే. పరిశ్రమలు పెరిగినవి. కాని తూర్పు పాకిస్తాన్ ప్రజలకు ఈ ప్రభుత్వంలో తమ గొంతు వినిపించే మార్గం ఏది? దేశ జనాభాలో సగానికి పైగా బెంగాలీలు. సైన్యాధికారులలో వారి సంఖ్య అత్యల్పం. శాసనసభ రాజ్యం చేసే దేశంలో జనం ఎక్కువ గల ప్రాంతానికి సభ్యులు ఎక్కువ. సైన్యం రాజ్యం చేసే దేశంలో సైన్యంలో లేని ప్రాంతానికి ఏమీ లేదు. జాతీయ సమైక్యతను గురించి మనం ఎన్నో సభలు జరుపుకుంటాము. రక్షణశాఖ ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నకు, ఒక దేశపు రెండు ప్రాంతాలు కలిసి ఉండగలవా అన్న ప్రశ్నకు సంబంధం ఉన్నదని ఆ సభలలో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

1965 సెప్టెంబరు యుద్ధంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించినది. పాకిస్తాన్ పక్షాన రాష్ట్రపతి, రక్షణమంత్రి, ఫీల్డ్ మార్షల్ మూడూ అయూబ్ ఖానే. మన పక్షాన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, రక్షణమంత్రి యశ్వంత్‌రావు చవాన్, సైన్యాధిపతి జయంతనాథ్ చౌదురి. అవును, హైదరాబాదులో మిలిటరీ గవర్నరుగా ఉన్న ఆ చౌదురియే. అయూబ్ ఖాన్‌తోపాటు అధికారియైన ఆ చౌదురియే. యుద్ధకాలంలో తూర్పు పాకిస్తాన్ పశ్చిమం నుంచి పూర్తిగా తెగిపోయినది. తూర్పు రక్షణ పశ్చిమంలోనే ఉన్నదని సేనాపతులు చెప్పుతూ వచ్చిన మాటకు విలువ ఎంతో అక్కడి ప్రజలకు అర్థమైనది. 1966 ఫిబ్రవరిలో షేక్ ముజిబుర్ రహ్మాన్ ప్రకటించిన ఆరు సూత్రాలలో ఆఖరిది, తూర్పు ప్రాంతానికి తనదైన రక్షకదళం కావాలని. అదే సంవత్సరం జూన్‌లో చౌదురి పదవీ విరమణ చేసి, కెనడాలో మన హైకమిషనరుగా వెళ్లారు.

మన దేశంలో అంతా సక్రమమని భుజాలు చరచుకోవలసిన పని లేదు. 1959 ఆగస్టు నెలాఖరున సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య, రక్షణమంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా పత్రం ఇచ్చి, నెహ్రూ కోరికపై ఉపసంహరించుకున్నారు. విచిత్రమేమంటే సరిగా ఆ సమయంలోనే, సెప్టెంబరు 1న, ఢాకా వెళ్తూ పాలం విమానాశ్రయంలో దిగిన అయూబ్ ఖాన్ నెహ్రూను కలుసుకున్నారు. పౌరప్రభుత్వపు ఆధిక్యమంటే మంత్రి సేనాపతుల వృత్తి విషయాలలో ఇష్టం వచ్చినట్టు తలదూర్చడం కాదని 1962 పరాజయం మనకు ఖరీదైన పాఠం నేర్పినది. తిమ్మయ్య తన అసంతృప్తిని రాజీనామా రూపంలో తెలిపి ఊరుకున్నారు. ప్రధాని పార్లమెంటుకు సంజాయిషీ ఇచ్చుకున్నారు. ఆనాటి వివాదం అంతటితో ఆగినది.

సైనికుడు ఎన్నడూ మంత్రి కాకూడదా? నేను అట్లా అనడం లేదు. మన దేశంలోనే మేజర్ జనరల్ హిమ్మత్‌సింహజీ 1951లో రక్షణశాఖ ఉపమంత్రిగా ఉండి, సరిహద్దుల రక్షణను పరిశీలించిన సంఘానికి అధ్యక్షత వహించారు. సైన్యంలో మేజరుగా పనిచేసి, రాజీనామా ఇచ్చి, పార్లమెంటు జీవితంలో దశాబ్దాలు గడిపిన జస్వంత్ సింగ్ 2001లో రక్షణశాఖను నిర్వహించారు. అమెరికాలో 1947 చట్టం ప్రకారం, సైన్యం విడిచి పదేళ్లు గడవని అధికారి రక్షణమంత్రి కారాదు. 1950లో జనరల్ జార్జ్ మార్షల్‌ను నియమించదలచినప్పుడు, ఆయన ఎంతటి గౌరవనీయుడైనా, కాంగ్రెసు ప్రత్యేకంగా శాసనం చేయవలసి వచ్చినది. ఆ గడువు తరువాత ఏడేళ్లకు తగ్గినది. 2017లోనూ 2021లోనూ మళ్లీ అటువంటి మినహాయింపులు ఇచ్చారు. అడ్డు ఉన్నది, ప్రజాప్రతినిధులు చర్చించి దానిని తొలగించారు. మన దేశంలో 2020 జనవరిలో తొలి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ బాధ్యతలు స్వీకరించినప్పుడు, రక్షణ మంత్రిత్వశాఖలోనే ఒక విభాగానికి కార్యదర్శి పదవి కూడా ఆయనకు దక్కినది. సైనికుల సలహా మంత్రికి నేరుగా చేరడానికి అది మంచి మార్పే. అయితే ఆ కార్యదర్శి పైన మంత్రి ఉన్నారు. మంత్రిని ప్రశ్నించడానికి లోక్‌సభ ఉన్నది.

చివరగా 1969 సంగతి చెప్పి ముగిస్తాను. అంతకుముందు నవంబరు నుంచి పాకిస్తాన్‌లోని రెండు ప్రాంతాలలోనూ విద్యార్థులు, కార్మికులు వీధులలోకి వచ్చారు. అయూబ్ ఖాన్ గద్దె దిగక తప్పలేదు. 1962లో తామే వ్రాయించి ప్రకటించిన రాజ్యాంగం ప్రకారం, రాష్ట్రపతి పదవి ఖాళీ అయినప్పుడు జాతీయ శాసనసభ స్పీకరు ఆ బాధ్యతలు స్వీకరించాలి. అప్పటి స్పీకరు అబ్దుల్ జబ్బార్ ఖాన్. తమీజుద్దీన్ ఖాన్ వలెనే ఆయనా తూర్పు బెంగాలువారు. మార్చి 25న అయూబ్ ఖాన్ అధికారాన్ని స్పీకరుకు ఇవ్వలేదు. సైన్యాధిపతి జనరల్ యాహ్యా ఖాన్‌కు అప్పగించారు. సరిగా రెండు సంవత్సరాలకు, 1971 మార్చి 25 రాత్రి, ఆ యాహ్యా ఖాన్ ఆజ్ఞపై సైన్యం ఢాకా వీధులలోకి వెళ్లినది. అయూబ్ ఖాన్ 1974 ఏప్రిల్‌లో మరణించారు. అప్పటికి బంగ్లాదేశ్ ఏర్పడి రెండేళ్లు దాటినది.